ఫ్రీఫాల్‌లో ఎత్తు లెక్క ఎవరిది? స్కైడైవింగ్ నేర్చుకునేవారి హక్కులు, నియమాలు

అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లల్లో టాండెమ్ జంప్ చేసి వాట్సాప్‌లో వీడియో పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. టాండెమ్‌లో మనల్ని ఇన్‌స్ట్రక్టర్ ఒంటికి పట్టీలతో బిగిస్తారు. ఎత్తు చూసుకునేది ఆయనే, పారాచూట్ తెరిచేదీ ఆయనే. అక్కడితో ఆగకుండా సొంతంగా దూకడం నేర్చుకుంటామని ఏఎఫ్ఎఫ్ కోర్సులో చేరితే సంగతి మారిపోతుంది. మొదటి జంప్ నుంచే చేతికి ఎత్తు చూపే ఆల్టిమీటర్ కడతారు, వీపున పారాచూట్ వేస్తారు, దాన్ని తెరిచే పని మీదే అంటారు. అలా చేరినవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఇక్కడ చెప్పినవి అమెరికాలోని నియమాలు. మీరు వెళ్లే డ్రాప్‌జోన్, అంటే దూకే కేంద్రం, ఇంతకన్నా కఠినంగా ఉండవచ్చు. అలా ఉంటే వాళ్ల మాటే వినండి.

ఈ నియమాలు పెట్టేది ప్రభుత్వమా, క్లబ్బా?

ఇద్దరూ పెడతారు, ఎవరి వాటా వాళ్లది. కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో 105వ భాగం పారాచూట్ జంప్‌ల గురించి. విమానం, గగనతలం, మబ్బుల నుంచి పాటించాల్సిన దూరం, పారాచూట్ మడత, మద్యం వంటివన్నీ అందులోకి వస్తాయి. ఎవరు ఏ ఎత్తులో పారాచూట్ తెరవాలి, విద్యార్థి వెంట ఎవరుండాలి అన్నవి మాత్రం యూఎస్‌పీఏ అనే స్కైడైవర్ల సంఘం తన ప్రాథమిక భద్రతా నియమాల్లో రాసింది. ఆ సంఘంలో సభ్యత్వమున్న డ్రాప్‌జోన్లు వాటిని పాటిస్తామని ఒప్పుకుంటాయి. సభ్యత్వం లేనివీ నడుస్తున్నాయి. డబ్బు కట్టేముందు ఆ ఒక్క మాట అడిగి తెలుసుకోండి.

ఎవరు చేరవచ్చు?

18 ఏళ్లు నిండాలి. అమ్మానాన్నల సంతకంతో ముందే చేర్చుకోవడం సంఘంలో సభ్యత్వమున్న డ్రాప్‌జోన్లలో కుదరదు. బరువు పరిమితి ఆ స్కూల్లో ఉన్న పారాచూట్లను బట్టి ఉంటుంది. ఆరోగ్యం విషయంలో ఎఫ్ఏఏ మూడో తరగతి మెడికల్ సర్టిఫికెట్ గానీ, డాక్టరు రాసిన ధ్రువపత్రం గానీ చూపాలి, లేదా సంఘం సూచించిన ఆరోగ్య ప్రకటనకు ఒప్పుకుని సంతకం పెట్టాలి. చాలామంది మూడో దారే పడతారు, కాగితం చదవకుండానే. అది మంచిది కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర ఒక విద్యార్థికి ఫ్రీఫాల్ (పారాచూట్ తెరవకముందు పడే దశ) మధ్యలో ఫిట్స్ వచ్చి స్పృహ తప్పింది. ఇన్‌స్ట్రక్టర్ వెంటపడి, రెండో ప్రయత్నంలో అతణ్ని అందుకుని, సుమారు 4,000 అడుగుల దగ్గర పారాచూట్ తెరిచారు. కుర్రాడు క్షేమంగా దిగాడు. 2015లో ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఆరోగ్య ఫారంలో దాచే ప్రతి విషయమూ పైన మీ పక్కన ఎగిరే మనిషి మీద భారమవుతుందని ఆ వీడియో చూస్తే అర్థమవుతుంది.

దూకాక నా దగ్గర ఎంత సమయం ఉంటుంది?

అనుకున్నంత ఉండదు. బోర్లా పడుతున్న మనిషి వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లకు చేరి అక్కడ నిలకడ పడుతుంది. దూకాక మొదటి 1,000 అడుగులకు పది సెకన్లు పడుతుంది. ఆ తర్వాత ప్రతి 1,000 అడుగులకూ ఐదున్నర సెకన్లే. ఫోన్లో ‘హలో, వినిపిస్తోందా’ అని రెండు మూడుసార్లు అనేంతలో 1,000 అడుగులు అయిపోతాయి.

13,000 అడుగుల దగ్గర దూకి 5,500 దగ్గర తెరవాలంటే మీ చేతిలో ఉన్నది ముప్పావు నిమిషం. ఏమీ చేయకుండా ఉండిపోతే 5,500 నుంచి నేలకు అరనిమిషం. 2,500 నుంచైతే పద్నాలుగు సెకన్లు. మొదటి జంప్‌లో చిక్కు ఏమిటంటే, ఈ లెక్క తెలిసినవాడికి కూడా పైన కాలం తెలియదు. గాలి హోరు, భయం, సంతోషం అన్నీ ఒక్కసారి మీద పడతాయి. కొందరికి ఐదు సెకన్లే గడిచాయనిపిస్తుంది, కొందరికి యుగం గడిచినట్టుంటుంది. నేలను చూసి అంచనా వేయడం కూడా కొత్తవాళ్లకు రాదు. పైనుంచి చూస్తే నేల కదులుతున్నట్టే ఉండదు. మీదికి దూసుకొస్తున్నట్టు కనిపించే సరికి పారాచూట్ తెరవాల్సిన ఎత్తు దాటి చాలా కిందికి వచ్చేసి ఉంటారు. అందుకే చేతికి ఆల్టిమీటర్ కట్టేది.

ఏ ఎత్తులో ఏం చేయాలన్నది నియమమా, సలహానా?

రెండూ ఉన్నాయి, కలగాపులగం చేసుకోకండి. 3,000 అడుగులన్నది నియమం. విద్యార్థులూ, మొదటి లైసెన్సయిన ‘ఏ’ ఉన్నవాళ్లూ అంతకన్నా కిందికి రాకముందే పారాచూట్ తెరవాలి. ‘బీ’ లైసెన్సు దగ్గర నుంచి అది 2,500.

తొలి జంప్‌లలో స్కూళ్లు సాధారణంగా నేర్పేది 5,500 దగ్గర తెరవమని. నియమానికీ దీనికీ మధ్య ఉన్న 2,500 అడుగులు తడబాటు కోసం వదిలిన చోటు. హ్యాండిల్ వెతుక్కోవడానికో, ఇన్‌స్ట్రక్టర్ వచ్చి సాయం చేయడానికో అది పనికొస్తుంది. అనుభవం వచ్చేకొద్దీ తెరిచే ఎత్తును తగ్గిస్తారు.

ఇంకో అంకె 2,500. విద్యార్థికి ఇది నిర్ణయం తీసుకోవాల్సిన ఎత్తు. పారాచూట్ తెరుచుకుంది గానీ చిక్కుపడింది, తిరుగుతోంది, అదుపులోకి రావడం లేదు అనుకుందాం. దాన్ని సరిచేసే ప్రయత్నం 2,500 దగ్గర ఆపేయాలి. ఆ ఎత్తుకు వచ్చేసరికి దాన్ని వదిలేసి రిజర్వ్ అనే రెండో పారాచూట్ తెరవాలని తేల్చుకుని, ఆ పని మొదలుపెట్టాలి. 1,000 అడుగుల కిందికి వచ్చాక మెయిన్‌ను, అంటే మొదటి పారాచూట్‌ను, వదిలేయడం విద్యార్థికి నిషిద్ధం. అప్పుడు పైన ఉన్నదాన్ని ఉంచుకునే రిజర్వ్ కూడా తెరవాలి. గుడ్డ ఎంత ఎక్కువగా పైన ఉంటే అంత మేలన్నది అక్కడి లెక్క.

కాబట్టి ఎత్తు చూడటం పారాచూట్ తెరవడంతో అయిపోదు. గుడ్డ పైన విచ్చుకున్నాక కూడా ఆల్టిమీటర్ ముల్లు వైపు కన్ను వేస్తూనే ఉండాలి. చిక్కుపడిన పారాచూట్‌తో కుస్తీ పడుతూ ఎత్తు మరిచిపోవడం ఫ్రీఫాల్‌లో మరిచిపోవడం కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు.

ఆల్టిమీటర్ ఎన్నిసార్లు చూడాలి?

తొలి జంప్‌లలో దాదాపు ఐదు సెకన్లకోసారి, ఏదైనా ఒక పని ముగించిన ప్రతిసారీ. స్కూల్లో దీన్ని ఒక వరుసగా కంఠస్థం చేయిస్తారు. దిగంతం వైపు చూపు, తర్వాత ఆల్టిమీటర్, తర్వాత ఒక పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్, ఆపైన రెండో పక్కనున్నాయన. ఆ తర్వాత హ్యాండిల్ దగ్గరికి చెయ్యి పోనిచ్చి తాకి రావడం. మళ్లీ మొదటినుంచి.

చూడటం ఒకటి, చదవడం ఇంకొకటి. దిగాక ఇన్‌స్ట్రక్టర్ వీడియో పెట్టి అడుగుతారు: ‘ఇదుగో, రెండోసారి చెయ్యి చూసుకున్నావు. ముల్లు ఎక్కడుంది?’ కుర్రాడి దగ్గర జవాబుండదు. తల తిరిగింది, కన్ను పడింది, అంకె మాత్రం బుర్రకెక్కలేదు. దీనికి మందు నేలమీదే ఉంది. చూసిన అంకెను పైకి అనడం అలవాటు చేసుకోవాలి. ‘తొమ్మిది వేలు. ఇంకా ఉంది.’ ‘ఆరున్నర. ఇక ఆటలు చాలు.’ గాలి హోరులో మీ మాట ఎవరికీ వినపడదు, మీకు మీరు చెప్పుకుంటే చాలు. 6,000 దగ్గరికి వచ్చాక కొత్త పనేదీ పెట్టుకోకూడదు. చేతులు ఊపి, తెరవడమే.

పరికరం గురించి రెండు ముక్కలు. దాన్ని సున్నాకు తిప్పేది మీరు దిగబోయే నేల మీద, విమానం ఎక్కకముందు. విమానం ఎక్కాక ఆ మీట ముట్టుకోకూడదు. ముల్లు ఉండే కొన్ని రకాల్లో డయల్ మీద 12,000 వరకే గీతలుంటాయి. 13,000 అడుగుల దగ్గర ముల్లు ఒక చుట్టు పూర్తిచేసి 1 మీద ఉంటుంది. తలుపు దగ్గర దాన్ని మొదటిసారి చూసి గుండె ఝల్లుమన్నవాళ్లున్నారు. జాకెట్ చెయ్యి జారి డయల్‌ను కప్పేయడం ఇంకో తలనొప్పి, ఎక్కేముందే సర్దుకోండి. వెల్లకిలా తిరిగిపోయినప్పుడు చేతి దగ్గర గాలి ఒత్తిడి తేడా వల్ల ముల్లు తప్పు చూపవచ్చు, ఆ తప్పు వందల అడుగులు ఉండవచ్చు. డిజిటల్ కొనాలా, ముల్లుదా అని అడుగుతారు. నేర్చుకునేవాళ్లకు ముల్లుదే మేలని నేనంటాను. అంకెలు చదవాలి, ముల్లు ఎటు వాలిందో ఓరకంట చూసినా తెలుస్తుంది.

ఎత్తు తెలియక ముందుగానే తెరిచేస్తే తప్పు పడతారా?

పట్టకూడదు. ఈ శిక్షణ మొత్తంలో మీకున్న మొట్టమొదటి హక్కు ఇదే. యూఎస్‌పీఏ బోధనలో పారాచూట్ తెరవడానికి ప్రాధాన్య క్రమం ఉంది. మొదటిది, తెరవాలి. రెండోది, సరైన ఎత్తులో తెరవాలి. మూడోది, సరైన ఎత్తులో ఒళ్లు నిలకడగా ఉండగా తెరవాలి. నిలకడ చివర వచ్చింది, గమనించండి. దొర్లిపోతున్నా, తలకిందులైనా, ఎత్తు వచ్చిందంటే తెరవాల్సిందే. ‘ముందు సరిగ్గా బోర్లా తిరిగి తర్వాత తెరుస్తా’ అనుకున్నవాళ్లే ఎత్తు కోల్పోతారు.

దీనికి తోడు ఐదు సెకన్ల సూత్రం ఒకటుంది. అదుపు తప్పితే ఎత్తు చూసి, నడుము విల్లులా వంచి, కాళ్లు సరిచేసి, ఒళ్లు వదులు చేయాలి. ఐదు సెకన్లలో అదుపు రాకపోతే ఎంత పైన ఉన్నా తెరిచేయాలి. ఆల్టిమీటర్ కనపడకపోయినా, పాడైందనిపించినా, ఎంత ఎత్తులో ఉన్నానో తెలియకపోయినా ఇదే. తెలియకపోవడమే తెరవడానికి తగిన కారణం.

నష్టమల్లా, ఆ దశలో చేయాల్సిన పని పూర్తి కాలేదని మళ్లీ ఆ జంప్ చేయించవచ్చు. దానికి డబ్బు మళ్లీ కట్టాల్సి రావచ్చు. ఆ మొత్తం మన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే కడుపు మండుతుంది, నిజమే. ఆ లెక్క నేలమీద వేసుకోండి, గాల్లో కాదు. భయపడి పైనే తెరిచినవాణ్ని నలుగురిలో ఎగతాళి చేసే ఇన్‌స్ట్రక్టర్ తగిలితే స్కూలు మార్చేయండి.

పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటారుగా, ఆయన చూసుకోరా?

చూసుకుంటారు, కొంతవరకు. తొలి జంప్‌లలో ఇద్దరు చెరోపక్కా మిమ్మల్ని పట్టుకునే పడతారు. ఎత్తు చూసుకోమని సైగ చేస్తారు, తెరవమని సైగ చేస్తారు. మీరు చేయకపోతే వాళ్లే తెరుస్తారు. ఆ సైగలు స్కూలును బట్టి కొంచెం మారవచ్చు కాబట్టి ఆ రోజు మీతో దూకేవారితో ఒకసారి సరిచూసుకోవడం మీ పని.

కోర్సు మూడో దశ నుంచి మిమ్మల్ని వదలడం మొదలవుతుంది. వదిలాక మీరు గిరగిరా తిరగడం మొదలుపెడితే మిమ్మల్ని అందుకోవడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టం. పైగా వాళ్లకూ ప్రాణం ఉంది, వాళ్లు తెరవాల్సిన కనీస ఎత్తు వాళ్లకూ ఉంది. అది దాటి ఎవరూ మీ వెంట రారు, రావాలని అడిగే హక్కు మీకూ లేదు.

అన్నీ విఫలమైతే ఏఏడీ అనే పెట్టె దానంతట అదే తెరుస్తుందట కదా?

అవును, విద్యార్థుల పారాచూట్‌కు అది తప్పనిసరి. దానితోపాటు గట్టి హెల్మెట్, కంటికి కనిపించే ఆల్టిమీటర్, మెయిన్‌ను వదిలేస్తే రిజర్వ్‌ను దానంతట అదే లాగే ఆర్ఎస్ఎల్ తాడు కూడా ఉండాలి. స్కూలు ఇవేవీ లేకుండా ఎక్కమంటే ఎక్కనని చెప్పే హక్కు మీది. రిజర్వ్‌ను లైసెన్సున్న రిగ్గర్ గత 180 రోజుల్లో మడిచి ఉండాలన్నది ఎఫ్ఏఏ నిబంధన. ఆ తేదీ ఉన్న కార్డు పారాచూట్‌తోనే ఉంటుంది. చూపించమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక ఆ పెట్టె సంగతి. జర్మనీకి చెందిన ఎయిర్‌టెక్ 1991లో తెచ్చిన సైప్రెస్ వీటిలో పేరున్నది. దాని విద్యార్థి నమూనా, మీరు ఫ్రీఫాల్ వేగంతోనే పడుతుంటే, సుమారు 750 అడుగుల దగ్గర రిజర్వ్‌ను విడుదల చేస్తుంది. అక్కడి నుంచి నేల నాలుగు సెకన్ల దూరం పైచిలుకు. గుడ్డ విచ్చుకునేది ఆ సమయంలోనే.

2013 మార్చిలో ఫ్లోరిడాలోని జెఫర్‌హిల్స్‌లో ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ఒక ఇన్‌స్ట్రక్టరూ, ఆయన విద్యార్థీ ఒకే జంప్‌లో చనిపోయారు. ఇద్దరూ మెయిన్ తెరవలేదు. ఏఏడీలు రెండూ పనిచేశాయి, రిజర్వులు బయటికి వచ్చాయి, పూర్తిగా విచ్చుకునే వ్యవధి దొరకలేదని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ పెట్టె ఎందరి ప్రాణాలో కాపాడింది, అది లేకుండా దూకమని ఎవరూ చెప్పరు. కానీ దాన్ని నమ్ముకుని ఎత్తు చూడటం మానేసినవాడికి మిగిలేది ఆ నాలుగు సెకన్లే.

చెవిలో మోగే ఆల్టిమీటర్ పెట్టుకోవచ్చా?

ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకుంటే పెట్టుకోవచ్చు, చేతిదానికి బదులుగా మాత్రం కాదు. నియమం అడిగేది కంటికి కనిపించేదాన్ని. చెవిలోది మోగితే ‘అరె, అప్పుడేనా’ అనిపించిందంటే ఆ జంప్‌లో మీరు ఎత్తు చూసుకోలేదన్నమాటే.

హైదరాబాద్‌లో గాలి సొరంగంలో ఎగిరాను. అది పనికొస్తుందా?

ఒంటి అదుపుకు చాలా పనికొస్తుంది. గండిపేట వైపు ఇప్పుడు ఇన్‌డోర్ స్కైడైవింగ్ ఉంది, అమెరికాలోనూ పెద్ద నగరాల చుట్టుపక్కల సొరంగాలున్నాయి. సొరంగంలో కొంతసేపు ఎగిరినవాళ్లు తొలి జంప్‌లలో అంతగా తడబడరు. అయితే అక్కడ నేల దగ్గరికి రాదు. సమయం అయిపోతే ఆపరేటర్ గాలి తగ్గిస్తాడు, మీరు నడుచుకుంటూ బయటికి వస్తారు. గంటల తరబడి అలా ఎగిరి, ఎత్తు అనే ఆలోచనే లేకుండా ఒళ్లు అలవాటుపడిపోతే ఆకాశంలో అదే అలవాటు వెంటాడుతుంది. సొరంగంలో కూడా చేతికి ఆల్టిమీటర్ ఉన్నట్టే ఐదు సెకన్లకోసారి మణికట్టు చూసుకోండి. చూసేవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

తలుపు దగ్గర దూకనంటే?

విమానంలోనే దిగి రావచ్చు. ఏ క్షణంలోనైనా వద్దనవచ్చు. డబ్బు తిరిగిస్తారా లేదా అన్నది మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది, తిరిగివ్వని స్కూళ్లే ఎక్కువని అనుకుని వెళ్లండి. గాలి, మబ్బు, చీకటి మీ తరఫున వద్దనే సందర్భాలూ ఉన్నాయి. నేలమీద గాలి గంటకు 14 మైళ్లు దాటితే విద్యార్థులు దూకకూడదు. మబ్బులోంచి దూకడం ఎవరికీ కుదరదు. సూర్యాస్తమయంలోగా జంప్ ముగియాలి. తాగి వచ్చినవాణ్ని, తాగినట్టు కనిపించినవాణ్ని కూడా విమానం ఎక్కించడం ఎఫ్ఏఏ నిబంధన ప్రకారం నిషిద్ధమే.

ప్రమాదం జరిగితే బీమా వస్తుందా?

యూఎస్‌పీఏ సభ్యత్వంతో వచ్చే బీమా మీ వల్ల ఇతరులకు, వాళ్ల ఆస్తికి కలిగే నష్టానికే. మీ కాలు విరిగితే అది రాదు. యూనివర్సిటీ ఆరోగ్య బీమాల్లో కొన్ని స్కైడైవింగ్‌ను మినహాయిస్తాయి, పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. స్కూలు మీచేత సంతకం పెట్టించే పత్రంలో దావా వేసే హక్కు వదులుకుంటున్నానని ఉంటుంది. అది కోర్టులో ఎంతవరకు నిలుస్తుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చెల్లదనుకుని మాత్రం సంతకం పెట్టకండి.

పరీక్షల వల్ల నెలరోజులు వెళ్లలేదు. ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చా?

30 రోజులు దాటితే, ముందు నేలమీద పాఠం మళ్లీ చెప్పించుకుని, ఇన్‌స్ట్రక్టర్ ప్రత్యక్ష పర్యవేక్షణలో ఒక జంప్ చేయాలి. మొదట చెదిరేది ఎత్తు చూసుకునే అలవాటే. సెమిస్టర్ మధ్యలో కోర్సు మొదలుపెట్టి నెలకోటి చొప్పున లాగడం కన్నా సెలవుల్లో వరసగా చేయడం నయం, ఖర్చూ తగ్గుతుంది. ‘ఏ’ లైసెన్సుకు కనీసం 25 జంప్‌లు కావాలి. వాటిలో 5,500 అడుగుల దగ్గర ఒకసారి, 3,500 దగ్గర ఒకసారి విమానం లోంచి దూకి వెంటనే తెరవడమూ ఉంటుంది.

లైసెన్సు వచ్చాక యూరప్ వెళ్తే అక్కడ చాలాచోట్ల ఆల్టిమీటర్లు మీటర్లలో ఉంటాయి. 3,000 అడుగులంటే సుమారు 900 మీటర్లు. అద్దెకు తీసుకున్న పరికరం ఏ కొలతలో ఉందో అడగకుండా విమానం ఎక్కకండి.

ఇంటి దగ్గర ఉన్న మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

వద్దని తిడితే చెప్పకుండా వెళ్తారు. దానికన్నా దూకే ముందు రోజు ఫోన్ చేసి, ఏ ఎత్తులో తెరవాలి, ఎత్తు తెలియకపోతే ఏం చేస్తావు అని అడగండి. జవాబు తడుముకోకుండా రాకపోతే ఈ వారానికి జంప్ ఆపి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఇంకోసారి కూర్చోమని చెప్పండి.